ఆకాశమునకు తాళము : చందా సినిమా ఛానళ్లపై ఒక విమర్శ

సినిమా హాలుకు నాలుగు గోడలు, ఒక తలుపు ఉంటాయి. టిక్కెట్టు కొన్నవారు లోపలికి పోతారు, కొననివారు బయట ఉండిపోతారు. ఇందులో విజ్ఞానశాస్త్రమునకు పని లేదు. తలుపువద్ద ఒక మనిషి నిలబడితే చాలును. కాని అదే సినిమాను రేడియో తరంగములమీద ఎక్కించి పంపినప్పుడు పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. డబ్బిచ్చిన ఇల్లేది, ఇవ్వని ఇల్లేది అను భేదము తరంగమునకు తెలియదు. నిజామాబాదునుండి బాసరకు పోవు దారిలో ఉన్న నవీపేటలో ఒక మిద్దెమీద పడిన తరంగమే దాని పక్క మిద్దెమీదను పడుతుంది. వెయ్యి ఇండ్లవారు చూచినా, లక్ష ఇండ్లవారు చూచినా తరంగమును పంపువానికి అయ్యే ఖర్చు ఒక్కటే. ఒకరు చూచినందువలన మరొకరికి తరిగిపోవునది ఏమియు లేదు.

అందుచేత టెలివిజనులో సినిమాను చందాకు అమ్మదలచినవారు మొట్టమొదట గోడ లేనిచోట గోడను కల్పించవలసి వచ్చినది. డెబ్బది ఏండ్లకు పైబడిన ఈ ప్రయత్నమును పరిశీలించువారు రెండు ప్రశ్నలు వేసుకొనవలెను. ఆ గోడను ఎట్లు కట్టినారు? కట్టిన గోడలోపల చూపరికి ఏమి ఇచ్చినారు? మొదటి ప్రశ్నకు విజ్ఞానశాస్త్రము చక్కని సమాధానము చెప్పినది. రెండవ ప్రశ్నకు, ముఖ్యముగా తెలుగు సినిమా ఛానళ్ల విషయములో, దొరుకుతున్న సమాధానము తృప్తికరముగా లేదు.

తొలి ప్రయత్నములు

ఈ ఆలోచన ఉపగ్రహములకంటె పాతది. 1951లో అమెరికాలోని షికాగో నగరములో జెనిత్ అను రేడియో కంపెనీ 300 ఇండ్లలో తొంబది రోజులపాటు ఒక ప్రయోగము జరిపినది. దాని పేరు ఫోనువిజను. సినిమా బొమ్మను కావలెనని అదిరిపోవునట్లు చేసి గాలిలో పంపేవారు. బొమ్మను కుదుటపరచు చిన్న సంకేతమును మాత్రము టెలిఫోను తీగద్వారా పంపేవారు. చూడదలచినవారు టెలిఫోనులో సినిమా అడిగితే ఒక డాలరు లెక్కన బిల్లులో చేరేది. 1960లో కెనడాలోని టొరంటో శివారులలో టెలివిజను పక్కన నాణెములు వేయు పెట్టెను అమర్చి మరొక ప్రయోగము చేసినారు. 1962 మొదలు 1969 వరకు అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణములో ఇంకొకటి నడిచినది. కాలిఫోర్నియాలో 1964లో ఇట్టి ప్రసారమును నిషేధించవలెనని సినిమా హాళ్ల యజమానులు ప్రచారము చేయగా, ఓటర్లు నిషేధమునకే ఓటు వేసినారు. 1966లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఆ నిషేధము చెల్లదని తీర్పు చెప్పినది.

ఈ ప్రయత్నములలో నిలబడినది 1972 నవంబరు 8న పెన్సిల్వేనియా రాష్ట్రములోని విల్క్స్‌బారీ పట్టణములో మొదలైనది. హోమ్ బాక్సు ఆఫీసు అను ఛానలు ఆ రాత్రి 365 ఇండ్లకు కేబుల్ తీగద్వారా ఒక మంచుహాకీ ఆటను, తరువాత ఒక సినిమాను చూపినది. 1975లో ఆ ఛానలు ఉపగ్రహమును ఎక్కి దేశమంతటా వ్యాపించినది. పెద్ద డిష్ పెట్టుకొన్న పల్లెలవారు దానిని ఊరకనే చూడసాగినారు; అందుచేత 1986 జనవరినుండి ఆ ఛానలువారు తమ సంకేతమును గూఢలిపిలోనికి మార్చినారు. ఫ్రాన్సులో కనాల్ ప్లస్ అను ఛానలు 1984 నవంబరు 4న మొదలై, గాలిలో పంపు బొమ్మను చెల్లాచెదురు చేసి, దానిని సరిచేయు పెట్టెను చందాదారులకు ఇచ్చినది.

ఈ చరిత్రలో గమనింపదగిన విషయము ఒకటున్నది. ఆనాటి చందాలో ఒక ఒడంబడిక ఉన్నది. మామూలు టెలివిజను ఉచితము. దానికి వెల చూపరి ఇవ్వడు, ప్రకటనదారు ఇస్తాడు. ఆ వెలకు ప్రతిగా సినిమా మధ్యలో సబ్బులు, పళ్లపొడులు వచ్చి పోతుంటాయి. చందా ఛానలులో వెల చూపరియే ఇస్తాడు. అందుచేత సినిమా మొదటినుండి చివరివరకు అంతరాయము లేకుండ నడుస్తుంది. జనము చందా కట్టుటకు తాళముకంటె ఈ మాటయే పెద్ద కారణము.

తెలుగుదేశములో వచ్చిన మార్పు

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977లో మొదలైనది. వారమునకొక తెలుగు సినిమా వచ్చేది. ఆ సాయంత్రము టెలివిజను ఉన్న ఇంటి వసారా సినిమా హాలు అయ్యేది. ఆ తరువాత పట్టణములలో కేబుల్ ఆపరేటర్లు వచ్చినారు. వారు ఒక గదిలో వి.సి.ఆర్. పెట్టి, క్యాసెట్టు వేసి, వీధులవెంట తీగలు లాగి, రాత్రిపూట సినిమాను ఇండ్లకు అందించేవారు. తెలుగువారు నెలకింత అని డబ్బు కట్టి ఇంట్లో సినిమా చూచుట ఇక్కడినుండే మొదలైనదని చెప్పవచ్చును.

1995లో ఈటీవీ, జెమిని టీవీ మొదలైనవి. అదే సంవత్సరములో హిందీలో జీ సినిమా అను ప్రత్యేక సినిమా ఛానలు వచ్చినది. తరువాతి కాలములో తెలుగులోను సినిమాలకే ప్రత్యేకించిన ఛానళ్లు ఏర్పడినవి. తేజ టీవీ పేరు మార్చుకొని జెమిని మూవీస్ అయినది. మా టీవీని స్టార్ సంస్థ తీసుకొన్న తరువాత మా మూవీస్ స్టార్ మా మూవీస్ అయినది. ఈటీవీ సినిమా వచ్చినది. 2016 సెప్టెంబరు 4న జీ సినిమాలు మొదలైనది.

తొలుత ఈ చందా ఛానళ్ల తాళము ఇంటి గుమ్మమువద్ద ఉండేది కాదు; కేబుల్ ఆపరేటరు గదిలో ఉండేది. అక్కడి పెట్టె గూఢలిపిని విప్పిన తరువాత బొమ్మ తీగవెంట స్వేచ్ఛగా ఇంటింటికీ పోయేది. ఎన్ని ఇండ్లకు పోతున్నదో ఆపరేటరు చెప్పినదే లెక్క. ఛానలువారు ఆ లెక్కను నమ్మేవారు కాదు. ఏ ఇంట ఏ ఛానలు చూస్తున్నారో ఎవరికీ తెలియదు కనుక, అందరికీ అన్నీ ఇచ్చి అందరివద్ద ఒకే మొత్తము తీసుకొనేవారు.

తాళమును ఇంటిలోనికి తెచ్చు ప్రయత్నము 2003 సెప్టెంబరు 1న చెన్నైలో మొదలైనది. 2012 నవంబరునుండి దేశమంతటా దశలవారీగా సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయినది. హైదరాబాదు, విశాఖపట్టణము రెండవ దశలో, అనగా 2013 మార్చి 31 గడువుతో చేరినవి. పల్లెలు, నవీపేటవంటి మండల కేంద్రములు చివరిదైన నాల్గవ దశలోనివి; వాటికి గడువు 2017 మార్చి 31. ఇంతలో మిద్దెలమీద చిన్న డిష్‌లుకూడ వెలసినవి. ప్రైవేటు డిష్ సేవలకు నెలనెలా చందా ఉన్నది; 2004 డిసెంబరులో మొదలైన ప్రభుత్వపు ఉచిత డిష్ సేవకు చందా లేదు.

తాళము పనిచేయు తీరు

పంపేవారు మొదట బొమ్మను, ధ్వనిని అంకెలుగా మారుస్తారు. ఆ అంకెల వరుసను ఒక రహస్య సంఖ్యతో కలిపి గందరగోళపరుస్తారు. ఈ రహస్య సంఖ్యయే తాళపుచెవి. అది తెలిసిన యంత్రము అంకెలను తిరిగి వరుసలో పెట్టగలదు. తెలియని యంత్రమునకు తెరమీద నల్లదనము తప్ప ఏమియు కనపడదు. దొంగ కనిపెట్టకుండ ఈ చెవిని కొన్ని సెకనులకొకసారి మారుస్తూ ఉంటారు.

అయితే కొత్త చెవి ఇంటికి ఎట్లు చేరుతుంది? అదే తరంగమువెంట వస్తుంది. కాని మరొక పెట్టెలో పెట్టి తాళమువేసి పంపుతారు. ఆ రెండవ పెట్టెను తెరచు చెవి సెట్‌టాప్ బాక్సులోని చిన్న కార్డులోనో, చిప్పులోనో దాగి ఉంటుంది. ప్రతి బాక్సుకు ఒక సంఖ్య ఉన్నది. నవీపేటలోని ఒక ఇంటివారు చందా కట్టగానే, ఆ సంఖ్యగల బాక్సు ఫలానా ఛానలును తెరవవచ్చునని ఒక ఆజ్ఞ అందరి మిద్దెలమీదను కురుస్తుంది. లక్షల బాక్సులు దానిని వింటాయి, ఒక్కటి మాత్రమే పాటిస్తుంది. గడువు మీరితే అదే విధముగా ఆ అనుమతి రద్దవుతుంది.

ఈ ఏర్పాటును మెచ్చుకొనక తప్పదు. భూమధ్యరేఖకు పైన 83 డిగ్రీల తూర్పు రేఖాంశమువద్ద ఉన్న ఉపగ్రహమునుండి నవీపేటకు దూరము సుమారు 36,200 కిలోమీటర్లు. ఇక్కడి డిష్ దాదాపు దక్షిణముగా, కొంచెము తూర్పునకు తిరిగి, నేలనుండి సుమారు 67 డిగ్రీల ఎత్తునకు చూస్తుంది. తరంగము ఆ దూరమును సెకనులో ఎనిమిదవ వంతుకంటె తక్కువ కాలములో దాటుతుంది. అంత దూరమునుండి, అందరిమీద ఒకేవిధముగా పడు తరంగముతో, ఒక్క ఇంటి తలుపును వేయుట, తీయుట సాధ్యమైనది. గోడ కట్టుట అను సమస్య తీరినది.

రెండు సార్లు వెల

ఇక గోడలోపల ఏమున్నదో చూడవలెను. తెలుగు సినిమా ఛానళ్లలో ప్రధానమైనవి చందా ఛానళ్లే. వాటిని చూచుటకు నెలనెలా డబ్బు కట్టవలెను. అయినను సినిమా మధ్యలో ప్రకటనలు వస్తాయి. ఒడంబడికలోని మొదటి సగము, అనగా చూపరి డబ్బు ఇచ్చుట, అమలైనది. రెండవ సగము, అనగా ప్రకటనలు పోవుట, అమలు కాలేదు. చూపరి ఒకసారి జేబులోనుండి, మరొకసారి తన కాలములోనుండి వెల చెల్లిస్తున్నాడు.

ఆ రెండవ వెల ఎంతో విద్యార్థులు లెక్క కట్టవచ్చును. హాలులో రెండున్నర గంటలు, అనగా 150 నిముషములు, నడచు సినిమాను తీసుకొందము. హాలులో సెకనుకు 24 బొమ్మలు నడుస్తాయి. ఇక్కడి టెలివిజను పద్ధతిలో సెకనుకు 25. ఉన్న బొమ్మలనే కొంచెము త్వరగా నడిపిస్తే ఆ సినిమా 144 నిముషములకే ముగుస్తుంది. కేబుల్ టెలివిజను నియమముల ప్రకారము గంటకు 12 నిముషములవరకు ప్రకటనలు వేయవచ్చును. మిగిలిన 48 నిముషములు సినిమా. 144ను 48తో భాగిస్తే సరిగా 3 గంటలు. అందులో ప్రకటనలు 36 నిముషములు. అనగా నియమములకు పూర్తిగా లోబడిన ఛానలుకూడ నాలుగు నిముషముల సినిమాకు ఒక నిముషము చొప్పున కాలపు వెలను తీసుకొనవచ్చును. వారమునకు రెండు సినిమాలు చూచు ఇంట సంవత్సరములో ఇది 62 గంటలు దాటుతుంది.

కొమ్ము, మండ ఒకే సంచిలో

సెట్‌టాప్ బాక్సును తప్పనిసరి చేసినప్పుడు ప్రజలకు చెప్పిన రెండవ మాట ఎంపిక. ప్రతి ఇంటికి వేరు తాళము ఉన్నది కనుక, ఎవరికి కావలసిన ఛానలును వారే కొనుక్కొనవచ్చును. అక్కరలేని వాటికి డబ్బు కట్టనవసరము లేదు. శాస్త్రీయముగా ఈ మాట నిజము. తాళమునకు ఆ శక్తి ఉన్నది. టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2017లో చేసిన కొత్త ధరల విధానము 2019 ఫిబ్రవరి 1నుండి అమలైనప్పుడు, ప్రతి చందా ఛానలుకు విడిగా ధర ప్రకటించవలసి వచ్చినది.

కాని ఒక్క చందా ఛానలును ఎంచుకొనకముందే, వంద ఉచిత ఛానళ్లకు సరిపడు తీగ సౌకర్యమునకై నెలకు 130 రూపాయలవరకు తీసుకొనవచ్చునని అదే విధానము చెప్పినది. 18 శాతము పన్నుతో అది 153 రూపాయల 40 పైసలు. 2020లో అదే ధరకు ఛానళ్ల సంఖ్యను రెండువందలు చేసినారు. 2024లో ఆ గరిష్ఠ పరిమితినే తొలగించినారు. పసుపు రైతు ఇంటిలో ఒక్క సినిమా ఛానలు చాలుననుకొన్నా, ఈ మొత్తము మొదట కట్టవలసినదే.

ఆపైన ఛానళ్లను గుంపుగా అమ్మే ప్యాకేజీలు ఉన్నవి. ఇక్కడ ఒక ఉదాహరణ ఉపయోగపడుతుంది. ఇందులోని ధరలు లెక్కకోసము ఊహించినవి. నాలుగు ఛానళ్ల విడి ధరలు 15, 12, 8, 5 రూపాయలు అనుకొందము. మొత్తము 40. వీటిని కలిపి 24 రూపాయలకు ప్యాకేజీగా ఇస్తారనుకొందము. మొదటి రెండు మాత్రమే కావలసినవానికి విడిగా కొంటే 27 రూపాయలు అవుతుంది. నాలుగూ తీసుకొంటే 24. తెలివిగలవాడు నాలుగూ తీసుకొంటాడు. పైకి చూచుటకు అతడు లాభపడినాడు. కాని అతని ఎంపికకు అర్థము పోయినది. మూడవ, నాల్గవ ఛానళ్లు అతడు కోరినవి కావు. అయినను ఇన్ని ఇండ్లకు మా ఛానలు చేరుతున్నదని ప్రకటనదారులకు చెప్పుకొనుటకు అవి పనికివస్తాయి.

ట్రాయ్ ఈ చిక్కును మొదటనే గుర్తించి, ప్యాకేజీ తగ్గింపు 15 శాతము మించరాదని నియమము పెట్టినది. 2018లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఆ ఒక్క నియమమును కొట్టివేసినది. 2020లో ట్రాయ్ 33 శాతము పరిమితిని పెట్టినది. 2022 నవంబరులో దానిని 45 శాతమునకు పెంచినది. పై ఉదాహరణలోని తగ్గింపు 40 శాతము. కనుక అది ఈ పరిమితికి లోబడినదే.

ఈ విషయము నిజామాబాదు మార్కెటుకు సరుకు తెచ్చు రైతుకు సులభముగా అర్థమవుతుంది. అక్కడ పసుపు కొమ్ము వేరు, మండ వేరు, చూర వేరు. మూడింటికి మూడు ధరలు. మూడింటిని ఒకే సంచిలో పోసి, విడిగా కొంటే ఎక్కువ, కలిపి కొంటే తక్కువ అని ఎవరైనా అంటే, కొనువాడు సంచి విప్పి చూడక మానడు. టెలివిజను ప్యాకేజీని విప్పి చూచు అలవాటు మాత్రము ఇంకా రాలేదు.

తెరమీదికి వచ్చు బొమ్మ

వెలకు తగిన సరుకు అందుతున్నదా అను ప్రశ్నలో బొమ్మ నాణ్యముకూడ చేరుతుంది. ఇక్కడ పరిశీలింపదగినవి మూడు విషయములు.

మొదటిది చట్రము. మాయాబజార్ (1957) కాలపు సినిమాల బొమ్మ దాదాపు నాలుగు పాళ్ల వెడల్పు, మూడు పాళ్ల ఎత్తు గలది. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రమైన అల్లూరి సీతారామరాజు (1974)వంటి వాటి బొమ్మ ఎత్తుకు రెండింతలకంటె ఎక్కువ వెడల్పు గలది. నేటి టెలివిజను తెర పదహారు పాళ్ల వెడల్పు, తొమ్మిది పాళ్ల ఎత్తు; అనగా ఆ రెండింటికి నడుమ ఉన్నది. పాత సినిమాను తెర నిండునట్లు పెద్దది చేస్తే పైన, కింద కలిపి బొమ్మలో నాల్గవ వంతు పోతుంది. సినిమాస్కోపు చిత్రమును తెర నిండునట్లు చేస్తే ఇరుపక్కల కలిపి మళ్లీ దాదాపు నాల్గవ వంతు పోతుంది. నష్టము లేకుండ చూపవలెనన్న పాతవాటికి పక్కలనో, కొత్తవాటికి పైన, కిందనో నల్లపట్టీలు విడువవలెను. నల్లపట్టీ కనపడితే చూపరి తెరలో లోపమున్నదనుకొంటాడని భయపడి బొమ్మను కోయుట, లేక అడ్డముగా సాగదీయుట పద్ధతి అయినది. సాగదీసిన బొమ్మలో నిండుచంద్రుడు కోడిగుడ్డువలె కనపడుతాడు.

రెండవది ధ్వని. సెకనుకు 24 బొమ్మలను 25గా నడిపినప్పుడు ధ్వనికూడ నూటికి నాలుగు పాళ్లు త్వరగా నడుస్తుంది. సరిదిద్దకపోతే శ్రుతి ఒక స్వరస్థానములో సుమారు మూడింట రెండు వంతులు పైకి జరుగుతుంది. ఘంటసాల గొంతులోని గాంభీర్యము ఆమేరకు సన్నబడుతుంది. దీనిని సరిదిద్దు సాధనములు ఈనాడు సులభముగా దొరుకుతున్నవి. వాడవలెనన్న పట్టుదల ఉండవలెను.

మూడవది కుదింపు. మామూలు టెలివిజను బొమ్మను కుదించకుండ అంకెలుగా పంపవలెనన్న సెకనుకు సుమారు 16 కోట్ల అంకెలు కావలెను. ఉపగ్రహములోని ఒక ప్రసారమార్గమునకు అంత చోటు లేదు. అందుచేత ముందటి బొమ్మకు, ఈ బొమ్మకు ఉన్న తేడాను మాత్రమే పంపి, మిగిలినదానిని విడిచివేస్తారు. ఇట్లు అంకెలు దాదాపు యాభయ్యో వంతుకు తగ్గుతాయి. ఇద్దరు కూర్చుండి మాట్లాడు దృశ్యములో తేడా తక్కువ. బొమ్మ చక్కగా ఉంటుంది. వానపాటలో ప్రతి చినుకు కదులుతుంది, ప్రతి బొమ్మ ముందటిదానికంటె వేరుగా ఉంటుంది. అంకెల చోటు చాలక తెర చిన్నచిన్న గడులుగా విచ్చిపోతుంది. ఛానళ్ల సంఖ్యనుబట్టియే వ్యాపారము నడచునప్పుడు, ఉన్న చోటులో మరొక ఛానలును ఇరికించుట లాభము. ఉన్న ఛానలుకు ఎక్కువ చోటు ఇచ్చుట నష్టము. చూపరి చెల్లించు ధరలో ఛానలు పేరు ఉన్నదేగాని, బొమ్మ నాణ్యము ఎక్కడను లేదు.

తెరమీది వానకు తోడు నిజమైన వానకూడ ఉన్నది. మిద్దెమీది చిన్న డిష్‌కు వచ్చు తరంగముల పొడవు సుమారు రెండున్నర సెంటిమీటర్లు. ఈ తరంగములను వానచినుకులు పీల్చుకొని చెదరగొడతాయి. ఆపరేటరువద్ద ఉండు పెద్ద డిష్‌కు వచ్చు తరంగముల పొడవు సుమారు ఏడున్నర సెంటిమీటర్లు. వాటిమీద చినుకుల ప్రభావము చాల తక్కువ. అందువలననే శ్రావణమాసపు కుంభవృష్టిలో నవీపేటలో డిష్ ఉన్న ఇంట బొమ్మ ఆగిపోయినా, కేబుల్ ఉన్న పక్కింట సినిమా నడుస్తూనే ఉండవచ్చును. ఇది ప్రకృతి నియమము. దీనికి ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. కాని డిష్ అమ్మునప్పుడు ఈ మాటను ముందుగా చెప్పుట న్యాయము.

రెండవ పక్షపు వాదన

ఛానళ్లవారి వాదన తీసివేయదగినది కాదు. సినిమా ప్రసార హక్కులకు పెద్ద మొత్తములు ఇవ్వవలెను. ప్యాకేజీలో చేరదలచిన ఛానలు ధర 19 రూపాయలు మించరాదు. 2020లో 12కు తగ్గించిన ఈ పరిమితిని 2022లో మళ్లీ 19 చేసినారు. వచ్చిన చందాలో పంపిణీదారునకు, ఆపరేటరునకు భాగములు పోతాయి. ప్రకటనలు లేకపోతే ఇంత తక్కువ చందాతో ఛానలు నడవదని వారంటారు. అది చాలవరకు నిజము కావచ్చును. ఈ ఛానళ్లవలన జరిగిన మేలునుకూడ ఒప్పుకొనవలెను. హాలుకు పోలేని ముసలివారు, ఇంటిపనితో తీరిక లేని స్త్రీలు, పట్టణమునకు పోవుటకు ఖర్చు పెట్టుకొనలేనివారు ఇంటిలోనే వందలకొలది సినిమాలు చూడగలుగుతున్నారు. నిర్మాతకు హాలు వసూళ్లుగాక మరొక ఆదాయము ఏర్పడినది. ఇండ్ల లెక్క సరియైనది.

అయినను ఈ వాదనలో ఒక లోటు ఉన్నది. 19 రూపాయల పరిమితి ప్యాకేజీలో చేరు ఛానలుకే గాని, విడిగా అమ్ము ఛానలుకు కాదు. ప్రకటనలు లేని తెలుగు సినిమా ఛానలును ఒకటి నెలకొల్పి, దానికి ఎక్కువ ధర పెట్టి, కావలసినవారికి మాత్రమే విడిగా అమ్ముటకు నియమములు అడ్డు రావు, తాళమునకు శక్తి ఉన్నది. 1972లో 365 ఇండ్లతో మొదలైనది అట్టి ఛానలే. ఎంపిక అనగా ప్రకటనలతో చవుకగా చూడదలచినవానికి ఒక దారి, ప్రకటనలు వద్దనువానికి మరొక దారి ఉండుట. రెండవ దారి లేనప్పుడు, చందాయు కట్టి ప్రకటనలను భరించుట చూపరి ఇష్టమని చెప్పుట చెల్లదు.

ఇంటర్నెట్టుద్వారా చందాకు సినిమాలు చూపు సేవలు ఈ లోటును తీరుస్తాయని కొందరు ఆశించినారు. 2020లో తెలుగునకే ప్రత్యేకించిన ఆహా మొదలైనది. వీటిలో చూపరి తనకు కావలసిన గంటలో కావలసిన సినిమాను చూడవచ్చును. అయితే ఇక్కడి భౌతిక పరిస్థితి వేరు. తరంగము అందరికీ ఒకటే. ఇంటర్నెట్టులో ప్రతి చూపరికి వేరు ప్రవాహము పంపవలెను, చూపరులు పెరిగిన కొలది ఖర్చు పెరుగుతుంది. పాత రోగముకూడ ఇక్కడ తలయెత్తినది. 2025 జూనునుండి అమెజాన్ ప్రైమ్ వీడియో భారతదేశములోని చందాదారులకు సైతము ప్రకటనలు చూపసాగినది. వద్దనువారు అదనముగా చెల్లించవలెను. కనీసము ఆ రెండవ దారిని తెరచి ఉంచినారు. సినిమా ఛానళ్లు అదికూడ చేయలేదు.

తరగతిలో చేయదగిన పని

ఈ విషయము పాఠశాలలో పరీక్షింపదగినది. ఒక గడియారము, ఒక కాగితము ఉంటే చాలును. విద్యార్థులు ఇంటివద్ద ఒక సినిమా మొదలైన సమయము, ప్రతి ప్రకటన మొదలైన, ముగిసిన సమయములు వ్రాసుకొనవలెను. మరునాడు తరగతిలో గంటకు ఎన్ని నిముషములు ప్రకటనలో లెక్క కట్టి, 12తో పోల్చవలెను. తెరమీద బండిచక్రమో, నిండుచంద్రుడో కనపడినప్పుడు స్కేలుతో అడ్డము, నిలువు కొలిచి అది వృత్తమా, కాదా తేల్చవలెను. ఇంటి బిల్లు తెచ్చి, అందులో ఉన్న ఛానళ్లలో నెలలో ఒక్కసారియైనను చూచినవి ఎన్నో గుర్తు పెట్టవలెను. భిన్నములు, శాతములు, జ్యామితి, తరంగములు అన్నియు ఈ ఒక్క పనిలో వస్తాయి.

అట్టి లెక్క చేతిలో ఉన్న చూపరి మూడు కోరికలు కోరవచ్చును. ప్రకటనలు లేని దారి ఒకటి, ధర ఎక్కువైనను, ఉండవలెను. ప్యాకేజీ తగ్గింపు విడి ఎంపికను అర్థరహితము చేయకూడదు. సినిమాను దాని చట్రములో, దాని శ్రుతిలో చూపవలెను. వీటిలో ఏదియు కొత్త యంత్రమును కోరదు. వీటికి కావలసిన యంత్రములన్నియు ఇప్పటికే నవీపేట ఇండ్లలో, మిద్దెలమీద ఉన్నవి. డబ్బు కట్టని ఇంటి తెరను ఒక్క ఆజ్ఞతో నల్లగా చేయగల సాధనము, కట్టిన ఇంటికి ఇచ్చిన మాటను నిలబెట్టుటకుకూడ పనికివస్తుంది. ఇంతవరకు దానిని మొదటి పనికి మాత్రమే వాడినారు.